వృద్ధుల సంరక్షణ కేంద్రంలో కేస్ షీటు, మందుల చార్ట్ తప్పుల్లేకుండా రాయడం ఎలా?

నర్సింగ్ హోమ్ అనగానే మనలో చాలామందికి చిన్న ప్రైవేటు ఆసుపత్రి గుర్తుకు వస్తుంది. ఇక్కడ ఆ మాటను దాని రెండవ అర్థంలో, అంటే తమ పనులు తాము చేసుకోలేని పెద్దవారు నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండి నర్సుల సంరక్షణ పొందే కేంద్రం అనే అర్థంలో వాడుతున్నాను. రికార్డుల విషయంలో ఈ రెంటికీ పెద్ద తేడా ఉంది. ఆసుపత్రిలో డాక్టరు రోజూ రౌండ్సుకు వస్తారు కనుక ఈరోజు రాసిన ఆర్డరులో పొరపాటు ఉంటే రేపు ఆయన కంటనే పడే అవకాశం ఉంటుంది. సంరక్షణ కేంద్రానికి డాక్టరు వారానికో నెలకో ఒకసారి వస్తారు. ఈలోగా మందుల చార్ట్‌లో, అంటే ఏ మందు ఏ రోజు ఏ వేళ ఇచ్చామో గడి గడికీ సంతకం చేసే కాగితంలో, తప్పుగా ఎక్కిన ఒక అంకె 30 రోజులు, 30 డోసులు అలాగే సాగిపోతుంది.

ఇంగ్లండులో 55 సంరక్షణ కేంద్రాల్లోని 256 మందిని పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతి 10 మందిలో దాదాపు ఏడుగురికి మందుల విషయంలో కనీసం ఒక తప్పు జరుగుతున్నట్టు తేలింది. వారు సగటున ఒక్కొక్కరు 8 మందులు వాడుతున్నారు. మందు రాయడంలో, ఫార్మసీ పంపడంలో, నర్సు ఇవ్వడంలో, ఇచ్చాక పరీక్షలతో గమనించడంలో, అన్ని దశల్లోనూ తప్పులు కనిపించాయి. కాబట్టి కింద చెప్పే పద్ధతిలో మీరు ప్రతి దశలోనూ అడగవలసిన ప్రశ్న ఒకటే: డాక్టరు ఆర్డరు, మందుల చార్ట్, మందు పెట్టె మీది లేబులు, ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయా? ఈ పెద్దవారిని ఎన్నడూ చూడని నర్సు ఈ రాత్రి డ్యూటీకి వస్తే, ఎవరినీ అడగకుండా ఆ కాగితాన్ని బట్టే సరైన మందు ఇవ్వగలగాలి.

మొదటి దశ: చేరిన రోజున మందుల జాబితా తయారు చేయండి

ఈ జాబితాను ఒకే చోటి నుంచి తీసుకోకండి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక ఆధారం, ఇంటివారు తెచ్చిన మందుల సంచి రెండవ ఆధారం, ఇంతవరకు చూసిన డాక్టరు చీటీలు మూడవ ఆధారం. కనీసం రెండింటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తేడాలు బయటపడతాయి. సంచిలోని ప్రతి స్ట్రిప్పునూ బయటకు తీసి, బ్రాండు పేరుతో పాటు లోపల ఉన్న అసలు మందు పేరును చదివి రాయండి. ఇద్దరు డాక్టర్లు రెండు బ్రాండు పేర్లతో రాసిన మందులు ఒకే మందు కావడం, ఆ పెద్దవారు రెండూ మింగుతూ ఉండడం అరుదేమీ కాదు.

ఒక్కొక్క మందుకూ పేరు, మోతాదు, ఇచ్చే మార్గం, వేళలు, ఎందుకు వాడుతున్నారు, చివరి డోసు ఎప్పుడు వేసుకున్నారు అన్నవి రాయండి. చివరి డోసు సంగతి చాలామంది వదిలేస్తారు, కానీ ఉదయం ఇంట్లో ఇన్సులిన్ వేసుకుని మధ్యాహ్నం మీ దగ్గరకు వచ్చినవారికి మీరు మళ్లీ ఉదయపు డోసు వేయకుండా ఆపేది ఆ ఒక్క గడే. కంటి చుక్కలు, ఇన్‌హేలరు, చర్మం మీద అంటించే ప్యాచ్, పూతమందులు, మూలికా మందులు, నిద్రకు వేసుకునే మాత్రలు ఉన్నాయా అని పేరుపేరునా అడగాలి. మందులేమైనా వాడుతున్నారా అని ఊరికే అడిగితే వీటిలో ఒక్కటీ జవాబులోకి రాదు.

అలర్జీ గడిలో మందు పేరుతో పాటు ఏం జరిగిందో కూడా రాయండి. పెన్సిలిన్ వేసుకుంటే కడుపులో తిప్పిందనడానికీ, గొంతు వాచి ఊపిరి ఆడలేదనడానికీ చాలా దూరం ఉంది. అలర్జీలు లేకపోతే అడిగామని, లేవని చెప్పారని, చెప్పినవారు ఎవరో రాయాలి. ఖాళీ గడిని చూసినవారికి అలర్జీ లేదో, అసలు ఎవరూ అడగలేదో తెలియదు. బరువు, తాజా మూత్రపిండాల పరీక్ష ఫలితం, మింగడంలో ఇబ్బంది ఉందా లేదా అన్నవి, ఇటీవలి ఫోటో అదే పేజీలో ఉండాలి. మతిమరుపు ఉన్నవారు మీరు ఏ పేరుతో పిలిచినా అవునంటారు కనుక ఫోటో కేవలం లాంఛనం అనుకోవద్దు.

ఈ జాబితా పూర్తయ్యాక డాక్టరు ఒక్కొక్క మందు ఎదుట కొనసాగించాలా, ఆపాలా, మార్చాలా అన్నది రాసి సంతకం చేయాలి. అన్నింటికీ కలిపి పాత మందులే కొనసాగించండి అని ఒక్క ముక్కలో రాసిన ఆర్డరును స్వీకరించకండి.

రెండవ దశ: ఆర్డరు పూర్తిగా ఉందో లేదో చూడండి

పూర్తి ఆర్డరులో పెద్దవారి పూర్తి పేరు, తేదీ, వేళ, మందు పేరు, మోతాదు, మార్గం, ఎన్నిసార్లు, ఎందుకు, ఎప్పటివరకు, డాక్టరు సంతకం ఉంటాయి. ఎందుకు అన్నది లేకపోతే పోలిక ఉన్న పేర్ల దగ్గర పట్టు దొరకదు. హైడ్రలజీన్ రక్తపోటు మందు, హైడ్రాక్సిజీన్ దురదకు ఇచ్చే మందు. చేతిరాతలో ఈ రెండూ కవలపిల్లలు. పక్కన రక్తపోటుకు అని ఉంటే గొడవే లేదు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే లేసిక్స్, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే లోసెక్ అనే రెండు పేర్ల మధ్య ఇలాంటి గందరగోళం వల్లనే అమెరికాలో 1990లో లోసెక్ పేరును ప్రిలోసెక్‌గా మార్చవలసి వచ్చింది.

అంకెల దగ్గర మూడు నియమాలు పెట్టుకోండి. పూర్ణసంఖ్య తరువాత చుక్క, సున్నా పెట్టవద్దు, ఎందుకంటే 1.0లో చుక్క మాసిపోతే అది 10 అవుతుంది. ఒకటి కంటే తక్కువైతే ముందు సున్నా తప్పక ఉండాలి, లేకపోతే .5 కాస్తా 5గా కనిపిస్తుంది. యూనిట్లు, మైక్రోగ్రాములు అనే మాటలను పూర్తిగా రాయాలి. ఇన్సులిన్ 10 పక్కన యూనిట్లకు బదులు ఇంగ్లీషు అక్షరం యు ఒక్కటే రాస్తే, అది సున్నాలా కనిపించి 100 యూనిట్లు ఎక్కించిన సందర్భాలు ఉన్నాయి. థైరాయిడ్ మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. దాన్ని మిల్లీగ్రాములుగా చదివితే తేడా 1000 రెట్లు.

మన భాషలోనూ ఇలాంటి ఉచ్చులు ఉన్నాయి. రోజూ, రోజు విడిచి రోజు అన్న రెండు మాటలను తొందరలో విన్నా, చదివినా ఒకదానిలా మరొకటి తోస్తుంది. అందుకని రోజు విడిచి రోజు ఇచ్చే మందుకు ఆ నెలలో ఏయే తేదీల్లో ఇవ్వాలో అంకెలతో రాయండి. సగం మాత్ర, ఒక చెంచా అన్న మాటలతోనే సరిపెట్టవద్దు. మాత్ర ఎన్ని మిల్లీగ్రాములది, చెంచా ఎన్ని మిల్లీలీటర్లది అన్నది పక్కనే ఉండాలి.

వారానికి ఒక్కసారి ఇచ్చే మందుల గురించి కొంచెం ఆగి చెప్పాలి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. అలవాటు చొప్పున దాన్ని రోజూ ఇస్తే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పుండ్లు పడతాయి. ఇలా ప్రాణాలు పోయిన ఘటనలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. దీనికి విరుగుడు చార్ట్‌లోనే ఉంది. ఆర్డరులో వారం పేరును, ఉదాహరణకు ప్రతి సోమవారం అని, డాక్టరు చేతనే రాయించండి. చార్ట్‌లో ఆ వరుసలోని మిగిలిన 6 రోజుల గడులను నెలాఖరు దాకా ముందే అడ్డంగా కొట్టేయండి. రాత్రి డ్యూటీ నర్సు మాత్ర చేతిలోకి తీసుకున్నా సంతకం చేయడానికి గడి దొరకదు, అక్కడ చెయ్యి ఆగుతుంది.

ముగింపు తేదీ లేని యాంటీబయాటిక్ ఆర్డరును అసంపూర్ణంగానే లెక్కించండి. అవసరమైతే ఇవ్వాలి అన్న ఆర్డరులో అవసరం అంటే ఏమిటి, రెండు డోసుల మధ్య ఎంత వ్యవధి, 24 గంటల్లో గరిష్ఠం ఎంత అన్న మూడూ ఉండాలి. పెద్దలకు పారాసెటమాల్ మామూలు గరిష్ఠ పరిమితి రోజుకు 4 గ్రాములు. బరువు తక్కువ ఉన్నవారికి డాక్టరు ఇంకా తగ్గిస్తారు. క్రమంగా ఇచ్చే నొప్పి మాత్రలో, అవసరమైతే ఇచ్చే జలుబు మాత్రలో రెండింటిలోనూ పారాసెటమాల్ ఉండవచ్చు కనుక గరిష్ఠాన్ని రెండూ కలిపి లెక్కించాలి.

మూడవ దశ: ఫోన్ ఆర్డరు

ఫోన్ చేయక ముందే చార్ట్, కలం, నాడి, బీపీ, షుగరు అంకెలు మీ ముందు పెట్టుకోండి. డాక్టరు చెబుతున్నప్పుడే కాగితం మీద రాయండి. విన్నాక గుర్తుపెట్టుకుని తరువాత రాస్తామనుకోవద్దు. రాసిన దాన్ని తిరిగి ఆయనకు చదివి వినిపించి, అవునని చెప్పించుకోండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి కాని పదిహేను, యాభై ఎన్నటికీ కలవవు. అంకెను తెలుగులో ఒకసారి చెప్పి, ఒక్కొక్క అంకెనూ విడివిడిగా మరోసారి చెప్పండి. వీలైనప్పుడల్లా రెండవ నర్సును స్పీకరులో వినమనండి. చెప్పిన డాక్టరు పేరు, విన్నవారి పేరు, వేళ, తిరిగి చదివి వినిపించినట్టు ఒక వాక్యం రాసి, మీ కేంద్రం నిబంధన పెట్టిన గడువులోగా డాక్టరు సంతకం తీసుకోండి. రక్తం పలుచన చేసే మందు, ఇన్సులిన్, మార్ఫిన్ జాతి మందుల విషయంలో ఫోన్ ఆర్డరుకు బదులు రాతపూర్వక ఆర్డరునే అడగడం మేలని నా అభిప్రాయం.

నాలుగవ దశ: ఆర్డరును చార్ట్‌కు ఎక్కించండి

ఎక్కించినవారు ఒకరు, ఆర్డరుతో సరిచూసినవారు మరొకరు కావాలి. సరిచూడడమంటే ఒకరు ఆర్డరు చదువుతుంటే రెండవవారు చార్ట్ మీద వేలు పెట్టి చూడడం. మొదటివారు చెప్పింది విని తల ఊపి సంతకం పెట్టడం సరిచూడడం కిందకు రాదు. మోతాదు మారితే పాత అంకె మీదే దిద్దకుండా, పాత వరుసను తేదీ, సంతకంతో మూసేసి, కొత్త వరుస మొదలుపెట్టండి. ఆపేసిన మందును అదే రోజున మందుల ట్రాలీ (సొరుగుల బండి) నుంచి కూడా తీసేయాలి. చార్ట్‌లో ఆగిన మందు సొరుగులో ఉండిపోతే ఎవరో ఒకరు అలవాటుగా ఇచ్చేస్తారు.

నెల మారి కొత్త చార్ట్ రాసే రోజు అన్నిటికంటే ప్రమాదకరమైనది. చాలామంది పాత చార్ట్‌ను చూసి కొత్తది రాస్తారు; అలా చేస్తే పాత తప్పు భద్రంగా కొత్త నెలకు చేరుతుంది. పాత చార్ట్‌ను పక్కన పెట్టి, అమలులో ఉన్న ఆర్డర్ల నుంచే రాయండి. కంప్యూటరు వాడే చోట ఇలా తిరగరాసే పని ఉండదు కాని, కిందటి రోజు నోట్సును నకలు చేసి అతికించే అలవాటు అదే ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది. నడవలేని స్థితికి వచ్చినవారు నోట్సులో మాత్రం నెల రోజులపాటు కర్ర పట్టుకుని తిరుగుతూనే ఉంటారు.

ఐదవ దశ: ఇవ్వండి, చూడండి, ఆపై సంతకం చేయండి

ఈ వరుస మారకూడదు. మాత్రలన్నీ కప్పుల్లో వేసి, చార్ట్ అంతా ముందే సంతకాలు చేసి, ఆ తరువాత పంచుకుంటూ వెళ్లడం వేగంగానే ఉంటుంది. కానీ మూడవ గదిలోని ఆమె మాత్రను చెంప పక్కన దాచి తరువాత దిండు కింద పెట్టినా చార్ట్ ప్రకారం ఆమె వేసుకున్నట్టే. ఒక్కొక్కరి దగ్గర నిలబడి ఫోటో, పేరు చూసి, లేబులును చార్ట్‌తో పోల్చి, ఇచ్చి, నీళ్లు తాగించి, మింగారని చూసి, అక్కడే సంతకం చేయండి.

ఇవ్వలేకపోయిన డోసు గడిని ఖాళీగా వదలవద్దు. వద్దన్నారు, వాంతి చేసుకున్నారు, ఆసుపత్రిలో ఉన్నారు, మందు నిల్వ లేదు అన్నవాటికి మీ కేంద్రంలో ఉన్న గుర్తును గడిలో వేసి, చార్ట్ వెనుక కారణం, మీరు చేసినది, ఎవరికి చెప్పారో రాయండి. ఖాళీ గడిని చూసిన తరువాతి నర్సు ముందు రెండే దారులు ఉంటాయి: ఇచ్చి ఉంటారని వదిలేయడం, ఇవ్వలేదేమోనని రెండవసారి ఇవ్వడం. రెండూ ఊహలే.

వేళ అన్ని మందులకూ ఒకేలా బరువైనది కాదు. విటమిన్ మాత్ర గంట ఆలస్యమైతే పెద్దగా ఏమీ కాదు. పార్కిన్సన్స్ ఉన్నవారికి లీవోడోపా గంట ఆలస్యమైతే ఆ గంటా వారు కదలలేక బిగుసుకుపోవచ్చు. థైరాయిడ్ మాత్ర పరగడుపున ఇవ్వాలి, ఐరన్, కాల్షియం మాత్రలకు దానితో 4 గంటల ఎడం ఉండాలి. ఇలాంటి మందుల వేళలను చార్ట్‌లో వేరే రంగుతో గుర్తించండి. వేళలు 24 గంటల లెక్కలో, అంటే 08:00, 20:00 అని రాస్తే రాత్రి 12, పగలు 12 కలవవు.

కొలత చూశాకే ఇవ్వవలసిన మందులకు ఆ కొలత గడి సంతకం గడి పక్కనే ఉండాలి. గుండె మందు డిగాక్సిన్‌కు నాడి, ఇన్సులిన్‌కు షుగరు, రక్తం పలుచన చేసే వార్ఫరిన్‌కు తాజా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును చూపే పరీక్ష) అంకె, తరువాతి పరీక్ష తేదీ రాయాలి. నాడి లేక షుగరు ఎంతకంటే తగ్గితే డోసు ఆపి డాక్టరుకు చెప్పాలో ఆ హద్దును ఆర్డరులోనే రాయించుకోండి. నొప్పికి ఫెంటానిల్ ప్యాచ్ మామూలుగా 72 గంటలకు మారుస్తారు. కొత్తది ఏ చోట అంటించారో, పాతది తీసేశారో లేదో రెండూ రాయాలి, ఎందుకంటే వీపు మీద కనబడని పాత ప్యాచ్ ఇంకా మందును లోపలికి పంపుతూనే ఉంటుంది. మింగలేనివారికి మాత్రను నూరి ఇచ్చే ముందు ఫార్మసిస్టును అడిగి ఆ జవాబును చార్ట్‌లో రాయండి. నిదానంగా కరిగేలా చేసిన మాత్రను నూరితే రోజంతటి మందు ఒక్కసారిగా ఒంట్లోకి చేరుతుంది.

అవసరమైతే ఇచ్చే మందుకు రెండు రాతలు ఉంటాయి: ఇచ్చినప్పుడు ఎందుకు, ఎన్ని గంటలకు, ఎంత అన్నది ఒకటి; గంట తరువాత గుణం కనిపించిందా లేదా అన్నది రెండవది. రెండవది రాయకపోతే పనిచేయని మందు నెలల తరబడి సాగుతుంది. అమెరికా నర్సింగ్ హోమ్ నిబంధనలు మానసిక ప్రభావం ఉన్న మందులను ఇలా రాస్తే ఆ ఆర్డరును సాధారణంగా 14 రోజులకు పరిమితం చేస్తాయి. అలాంటి నిబంధన లేని చోట కూడా ఈ గడువు పెట్టుకోవడం మంచిది. తాళంలో ఉంచే మార్ఫిన్ వంటి మందులను డ్యూటీ మారే ప్రతిసారీ ఇద్దరు కలిసి లెక్కపెట్టి, మిగిలిన సంఖ్యను రిజిస్టరులో రాసి ఇద్దరూ సంతకం చేయాలి.

ఆరవ దశ: నోట్సులో చూసింది రాయండి

గొడవ చేశారు, మొండికేశారు అన్న మాటల నుంచి డాక్టరుకు ఏమీ తెలియదు. 22:30కి మంచం దిగడానికి మూడుసార్లు ప్రయత్నించారు, చెయ్యి పట్టుకుంటే అరిచారు, పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని ఉన్నారు, మధ్యాహ్నం నుంచి మూత్రం రాలేదు అని రాస్తే అది మూత్రం బిగబట్టిన బాధ అని ఎవరికైనా తడుతుంది. మొదటి రాత నిద్రమాత్రకు దారి తీస్తుంది, రెండవ రాత మూత్రం బయటకు తీసే గొట్టానికి, అంటే కాథెటరుకు.

రాతలో తప్పు దొర్లితే ఒక్క గీత కొట్టి, కింద ఉన్నది చదవగలిగేలా ఉంచి, తేదీ, వేళ, సంతకంతో సరైనది రాయండి. వైట్నరు పూయడం, పేజీ చింపడం, వేరొకరి పేరుతో లాగిన్ అయి రాయడం ఎన్నడూ చేయకండి. మరచిపోయి తరువాత రాస్తే, ఇది ఆలస్యంగా రాసినదని చెప్పి, జరిగిన వేళ, రాసిన వేళ రెండూ పెట్టండి.

ఏడవ దశ: ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చినప్పుడు

ఆ రోజున వారిని కొత్తగా చేరినవారిగానే భావించి మొదటి దశను మళ్లీ చేయండి. డిశ్చార్జ్ సమ్మరీని పాత చార్ట్ పక్కన పెట్టి వరుస వరుసగా టిక్కు పెట్టండి. సమ్మరీలో కనిపించని పాత మందును ఆసుపత్రివారు ఆపారా, రాయడం మరచిపోయారా అన్నది ఫోన్ చేసి అడగకుండా తెలియదు. నేను ఎరిగిన ఒక కేంద్రంలో, ఆసుపత్రిలో వారం పాటు ఉండి వచ్చిన పెద్దాయనకు బీపీ మాత్ర కొత్త బ్రాండు పేరుతో సమ్మరీలో ఉంది, పాత బ్రాండు పేరుతో ట్రాలీలో ఉంది. నాలుగు రోజులు రెండూ ఇచ్చారు. ఐదవ రోజు ఉదయం ఆయన స్నానాల గదిలో కళ్లు తిరిగి పడ్డాక గానీ ఎవరూ స్ట్రిప్పు వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదవలేదు. సమ్మరీ, పాత చార్ట్ విడివిడిగా చూస్తే సక్రమంగానే ఉన్నాయి.

ఎనిమిదవ దశ: వారానికోసారి లెక్క చూడండి

చార్ట్ సంతకాలను చదివితే సంతకాలే కనిపిస్తాయి, కాబట్టి మాత్రలు లెక్కపెట్టండి. ఐదుగురిని ఎంచుకుని, వచ్చిన మాత్రల సంఖ్యలోంచి చార్ట్‌లో సంతకమైన డోసులు తీసేసి, పెట్టెలో మిగిలినవాటితో పోల్చండి. 28 వచ్చి, 12 ఇచ్చినట్టు సంతకాలు ఉండి, పెట్టెలో 18 ఉంటే రెండు డోసులు కాగితం మీదే వేసుకున్నారన్నమాట. అదే సమయంలో ఇన్సులిన్ వయల్, కంటి చుక్కల సీసా మీద తెరిచిన తేదీ ఉందో లేదో చూడండి. నెలకోసారి ఫార్మసిస్టును పిలిచి చార్టులన్నీ చూపించండి. పెద్దవారికి సాధారణంగా తగని మందులను గుర్తించే బీర్స్ జాబితా 1991లో మొదట నర్సింగ్ హోమ్‌లలో ఉన్నవారి కోసమే తయారైంది. ఆ తరువాత చాలాసార్లు సవరించిన ఆ జాబితాను ఎదురుగా పెట్టుకుని చూస్తే పని సులువవుతుంది.

తప్పు బయటపడితే ముందుగా పెద్దవారిని చూడండి: నాడి, బీపీ, స్పృహ, అవసరమైతే షుగరు. తరువాత డాక్టరుకు, ఇంటివారికి చెప్పండి. ఏం ఇచ్చారు, ఏం ఇవ్వవలసింది, ఎప్పుడు తెలిసింది, ఏం చేశారు అన్నది కేస్ షీటులో వాస్తవంగా రాసి, ఎలా జరిగిందన్న విచారణను వేరే పత్రంలో రాయండి. విచారణలో ఎవరు అన్న ప్రశ్నతో మొదలుపెడితే తరువాతి తప్పును ఎవరూ మీకు చెప్పరు. రెండు సీసాలు ఒకే రంగులో పక్కపక్కన ఉన్నాయా, మందులు పంచే వేళ ఎన్నిసార్లు ఫోన్ మోగింది, ఆ వరుసలో ఆర్డరు చదవగలిగేలా ఉందా అని అడిగి, తేలినదాన్ని ఆ సాయంత్రమే సరిచేసి, సరిచేసినట్టు తేదీ వేయండి.